ఒట్టి మేత తొట్టెలు

మాధవరంలో, పాలడిపో దాటాక,
రేకుల కప్పు కింద పన్నెండు తొట్టెలు.
ఆరింటికి ఈస్ట్ కలిపిన మేత, ఆరింటికి ఒట్టి మేత.
అన్నిట్లో తిలాపియా పిల్లలే. ఇక్కడ వీటిని జిలేబీ అంటారు,
నూనెలో పడేదాకా ఎవరూ మర్యాదగా చూడరు.

రాత్రి కాపలా ఎత్తిరాజులుది.
పెరంబూరులో రొట్టెల బట్టీ మూతబడేదాకా
ముప్పై ఒక్క ఏళ్ళు పిండి పిసికినవాడు.
మోచేతుల దాకా రేకు పళ్ళేల అంచులు కాల్చిన గీతలు.

మొదటి వారమే మేత గుళిక ఒకటి విరిచి వాసన చూశాడు.
"ఇది చచ్చిపోయుండాది పాపా."
నేను నవ్వాను. సంచి మీద కణాల లెక్క కోట్లలో అచ్చేసి ఉంది.
అతను స్టీలు గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు పోసి
చిటికెడు బెల్లం, నాలుగు గుళికలు వేసి
మోటరు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.
నురగ రాలేదు.
మూడు రోజులకి నా గాజు పళ్ళేలూ అదే మాట చెప్పాయి,
మర వేడికి ఒక్కటీ బతకలేదని.

అప్పట్నించి గుళికలు చల్లారాకే
చేపనూనెలో ఈస్ట్ కలిపి పైన పూశాం.
పూసేది అతనే,
బన్ను మీద వెన్న రాసేవాడి మణికట్టుతో.

కడుపులో అదేం చేస్తుందని అడిగాడు.
చెడ్డ పురుగు దీని ఒంటిని కరుచుకుని
పేగును వదిలేస్తుందని చెప్పాను.
చచ్చిన కణం గోడ కూడా ఊరికే పోదు,
దొంగ ఎట్లా ఉంటాడో ఒంటికి నేర్పిపోతుంది అన్నాను.
చాలాసేపటికి, "మా మేస్త్రీ అట్లాంటోడే" అన్నాడు.

"మరి ఆ ఆరు తొట్లకీ?"
"ఇవ్వం. పోల్చి చూడాలి కదా."
"అవేం తప్పు చేసినాయి?"
దానికి పుస్తకంలో జవాబుంది.
చెప్పాను. తల ఊపాడు.

ఐప్పసి వానలు.
రెండు రాత్రులు కరెంటు లేదు, గాలి గొట్టాలు ఆగి ఆగి దగ్గాయి.
ఒట్టి మేత తొట్టెల్లో పుండ్లు లేస్తాయని
పట్టిక ముందే గీసి ఉంచాను, శవాలకో నిలువు గడి.
ఒక్క చేపా చావలేదు.
తూకం వేస్తే రెండు వరసల సగటుకీ
తేడా ఆవగింజంత.

ఒట్టి మేత చేప ఒకదాన్ని కోసి
పేగు చెమ్మ పళ్ళెంలో పరిచాను.
మూడో రోజు మూత తీస్తే మీగడ రంగు చుక్కలు,
తెల్లవారుజామున బేకరీ సందు వాసన.

అతను అబద్ధమాడలేదు.
"రాత్రి రెండప్పుడు అంచుకొచ్చి నోళ్ళు తెరుస్తా ఉండాయి పాపా.
గిన్నెలో మిగిలింది వాటికీ పూసినా."
"ఎప్పట్నించి?"
"పూసేది నువ్వు నేర్పినప్పట్నించి."

వానలోకి వెళ్ళిపోయాను.
డిపో ఎదురు కొట్లో రెండు టీలు తాగాను, రెండూ చల్లారాకే.
యాభై రెండు రోజులు.
మిగిలిన ఫెలోషిప్ నాలుగు నెలలు.
అరవడానికి ఒక వాక్యం తయారుచేసుకుని వచ్చేసరికి
అతను జాలిగిన్నెతో మొదటి తొట్టె అడుగు తోడుతున్నాడు,
చొక్కా వెనక అంతా తడి.

నోటుపుస్తకంలో రాశాను:
తేడా లేదు. కారణం, కాపలాదారు.
కొట్టేసి మళ్ళీ రాశాను:
తేడా లేదు. అన్ని తొట్టెలకూ అందింది.

తై నెలలో కొత్త పిల్లలు వచ్చాయి.
ఈసారి పొట్లాల మీద అంకెలే,
ఏది ఏదో రాసిన కాగితం ప్రొఫెసర్ సొరుగులో.
నాకూ తెలీదు, అతనికీ తెలీదు.
గుళికను వేళ్ళ మధ్య పట్టుకుంటాడు, విరవడు.
"విరిస్తే ముక్కుకి తెలిసిపోతాది" అంటాడు,
ఊపిరి బిగబట్టి చల్లుతాడు.

పొద్దున నేను వచ్చేసరికి ఒక్క మాటే:
"ఏడో తొట్టి రాత్రి దిగులుగా ఉండాది."
నేను టైము రాసుకుంటాను.
అతను చేతులు కడుక్కుని,
ఎందుకో మళ్ళీ కడుక్కుంటాడు.